శాలువాలు వద్దు తమ్ముడూ

బేగా, న్యూ సౌత్ వేల్స్
ఆగస్టు 2020

చిరంజీవి తమ్ముడికి,

నీ ఉత్తరం చదివాను. కోవిడ్ ఆంక్షలు సడలగానే మీ తెలుగు సంఘం వాళ్లు సిడ్నీ నుంచి బస్సు మాట్లాడుకుని కొబార్గో వస్తారనీ, మొన్నటి కార్చిచ్చుతో పోరాడిన వాలంటీర్లు పదిమందిని వేదిక ఎక్కించి శాలువాలు కప్పి మెమెంటోలు ఇస్తారనీ రాశావు. ఆ పదిమంది పేర్లూ ఎంచి పంపమన్నావు.

పేర్లు పంపను. కోప్పడకు. మీ ఉద్దేశం మంచిదే, ఆ పద్ధతే ఈ ఊళ్లకు కుదరదు. సంఘానికి కార్యదర్శివి, నువ్వు చెబితే నలుగురూ వింటారు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను. తీరిగ్గా చదువు.

ఫైర్ సర్వీసు అనగానే మనకు ఎర్ర బండి, ఖాకీ బట్టలు, నెల జీతం గుర్తొస్తాయి. 2014 మార్చిలో శేషాచలం అడవులు తగలబడినప్పుడు తిరుమల కోసం వైమానిక దళం హెలికాప్టర్లు దిగడం మనమంతా టీవీలో చూశాం. సర్కారు పని సర్కారు చేసింది అనుకున్నాం. ఇక్కడ పల్లెల్లో మంటలార్పే రూరల్ ఫైర్ సర్వీస్ తీరు వేరు. 70,000కు పైగా వాలంటీర్లు, 2,000 దాకా బ్రిగేడ్లు. జీతం తీసుకునేవాళ్లు అందులో ఏ మూలకో. మిగతావాళ్లంతా ప్లంబర్లు, పాలరైతులు, బడి టీచర్లు, రిటైరై ఇంటిపట్టున ఉన్న పెద్దలు. బ్రిగేడ్ కెప్టెన్‌ను కూడా పైనుంచి ఎవరూ వెయ్యరు, సభ్యులే ఎన్నుకుంటారు. 1896లో బెరిగన్ అనే ఊళ్లో మొదటి బ్రిగేడ్ పుట్టింది. మన పల్లెల్లో తాటాకిల్లు అంటుకుంటే కేక వినబడ్డవాడల్లా బిందె పట్టుకుని పరిగెత్తేవాడు చూడు, ఆ పరుగునే వీళ్లు నూట ఇరవై ఏళ్లకు పైగా శిక్షణతో, ట్యాంకర్లతో, వైర్‌లెస్ సెట్లతో నిలబెట్టుకుంటూ వచ్చారు.

బిందె పట్టుకొచ్చిన పక్కింటాయనకు మనవాళ్లు శాలువా కప్పారా? రేపు ఆయనింట్లో పని పడితే వెళ్లారు. నేను చెప్పబోయేదంతా ఇంతే. కానీ నువ్వు ఇంతటితో వదలవని తెలుసు.

నేను మా బ్రిగేడ్‌కు లెక్కలు రాసే మనిషిని. గొట్టం పట్టుకుని మంట ముందు నిలబడ్డదాన్ని కాను. అయినా ఎవరు ఏం చేశారో రసీదుల్లో చాలా కనబడుతుంది. డిసెంబరు 31 తెల్లవారుజామున బాజా ఫారెస్ట్ రోడ్ మంట కొబార్గో మీద పడింది. ఎనిమిది వందలమంది కూడా లేని ఊరు. నడివీధిలో పాత దుకాణాలు కాలిపోయాయి. తమ ఆస్తిని కాపాడుకోబోయి తండ్రీ కొడుకులిద్దరు చనిపోయారు. బేగాలో తెల్లారాల్సిన వేళకు తెల్లారలేదు. ఆకాశం నల్లగా, తర్వాత ఎర్రగా. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి, దుకాణాల్లో కార్డులు పనిచెయ్యలేదు, పెట్రోలు బంకుల ముందు బారులు. కరెంటు లేక పాడిరైతులు పితికిన పాలను పారబోసుకున్నారు. ఈ ఒక్క బేగా లోయలోనే నాలుగు వందలకు పైగా ఇళ్లు బూడిదయ్యాయి.

ఆ రోజుల్లో పసుపు కోటు వేసుకుని ట్యాంకరెక్కినవాళ్లు ఫొటోల్లో పడ్డారు. బాగుంది, పడాలి. కానీ రేడియో ముందు నిద్రలేకుండా కూర్చుని ఏ బండి ఎక్కడుందో రాసుకున్నామె సంగతేమిటి? అర్ధరాత్రి తిరిగొచ్చేవాళ్ల కోసం శాండ్‌విచ్‌లు కోసి పెట్టినవాళ్లు? కొబార్గో షోగ్రౌండ్‌లో సహాయ కేంద్రం నడిపింది ఊరివాళ్లే. వాళ్లలో కొందరికి తిరిగి వెళ్లడానికి ఇల్లే లేదు. తన గుర్రాలతో పాటు పక్క ఊరివాళ్ల గుర్రాల్ని కూడా బండెక్కించి తరలించినవాళ్లున్నారు. పరాయి ఊళ్లో మంటలార్పుతుండగా సొంతిల్లు కాలిపోయిన ఫైర్ ఫైటర్లున్నారు. ఇందులో పదిమందిని నన్ను ఎంచమంటున్నావు. ఎంచితే పదకొండోవాడి ముఖం నేను రోజూ బజార్లో చూడాలి. బ్రిగేడ్ అంటేనే ఒక జట్టు. ఒకణ్ని విడదీసి హీరో అంటే వాడికే ముందు ఇబ్బంది.

కాబట్టి ఇచ్చేది ఏదైనా బ్రిగేడ్‌కు ఇవ్వండి, మనిషికి కాదు. ముందు కెప్టెన్‌కు ఫోన్ చేసి అడగండి. వాళ్ల నెలవారీ సమావేశానికో, శిక్షణ జరిగే సాయంత్రానికో నలుగురు వెళ్లండి, నలభైమంది కాదు. ఒకరు రెండు నిమిషాలు మాట్లాడితే చాలు. ముఖ్య అతిథి, విశిష్ట అతిథి, వందన సమర్పణ, ఇవేవీ వద్దు. మన సభల్లో సన్మానం కంటే సన్మానించినవాళ్ల పరిచయాలే ఎక్కువసేపు నడుస్తాయని నీకూ తెలుసు. పిల్లలు గీసిన బొమ్మలు తెస్తే మాత్రం తప్పకుండా తీసుకురండి. అవి స్టేషన్ గోడకు అతుక్కుపోతాయి. మెమెంటోలు అలమర అడుగుకు పోతాయి.

ఇంకో మాట. కొబార్గో సందర్శకులతో విసిగిపోయిన ఊరు. మంట పడిన రెండ్రోజులకే, జనవరి 2న, ప్రధాని స్కాట్ మారిసన్ వస్తే అక్కడ కొందరు చెయ్యి కలపలేదు. దాన్ని ప్రపంచమంతా చూసింది. ఆయన రాజకీయం మనకెందుకు గానీ, పొగ ఇంకా ఆరకముందే కెమెరాలతో దిగితే ఎలా ఉంటుందో ఆలోచించు. మీరు కాలిన ఇంటి ముందు నిలబడి సెల్ఫీ తీసుకోరని నమ్ముతున్నాను. ‘ఆ రోజు ఏం జరిగింది, చెప్పండి’ అని కూడా అడగొద్దు. చెప్పాలనిపిస్తే వాళ్లే చెబుతారు. చెప్పకపోతే వానల గురించో, దూడల ధర గురించో మాట్లాడి రండి. అదీ మర్యాదే.

ఫైర్ ఫైటర్ల వెనక ఉన్న ఇళ్ల గురించి మీ సభలో ఎవరూ మాట్లాడరేమోనని నా బెంగ. డిసెంబరు 19 రాత్రి బక్స్‌టన్ దగ్గర చెట్టు కూలి ట్యాంకరు బోల్తాపడి ఇద్దరు వాలంటీర్లు పోయారు. ఇద్దరూ హార్స్‌లీ పార్క్ బ్రిగేడ్ వాళ్లే. ఆ ఊరు పశ్చిమ సిడ్నీలోదే, మనవాళ్లు ఇన్ని కుటుంబాలున్న వెంట్‌వర్త్‌విల్, టూంగాబీలకు దూరమేమీ కాదు. ఇద్దరికీ నడక నేర్చి ఎంతో కాలం కాని పసిబిడ్డలు. అంత్యక్రియల్లో తండ్రికి రావలసిన పతకాన్ని కొడుకు చొక్కాకు తగిలించారు. ఆ బిడ్డ నోట్లో పాలపీక ఉంది. పదకొండు రోజులకు జింజెలిక్ దగ్గర సుడిగాలి మంట ట్యాంకరునే ఎత్తి పడేస్తే ఇంకొకతను పోయాడు. అతని భార్య అప్పటికి గర్భవతి. జనవరి 23న కూమా దగ్గర నీటి విమానం కూలి ముగ్గురు అమెరికన్లు పోయారు. దేశం మొత్తమ్మీద ఆ వేసవి మంటల్లో చనిపోయిన 33 మందిలో తొమ్మిదిమంది మంటలార్పడానికి వచ్చినవాళ్లే.

బతికి తిరిగొచ్చినవాళ్ల ఇళ్లలోనూ లెక్క తేలిక కాదు. కొందరు వారాల తరబడి పనిలోకి వెళ్లలేదు. డిసెంబరు నెలాఖరున కేంద్రం రోజుకు 300 డాలర్లు, మొత్తం మీద 6,000 దాటకుండా ఇస్తామంది. అది కూడా పది రోజులకు మించి మంటల దగ్గర ఉన్నవాళ్లకు, అందులోనూ సొంతంగా పని చేసుకునేవాళ్లకు, చిన్నా మధ్యతరహా సంస్థల్లో పనిచేసేవాళ్లకే. సొంతంగా వడ్రంగం చేసుకునేవాడు క్రిస్మస్ ముందు నెల పనంతా వదులుకుంటే ఆ లోటు ఎప్పటికి పూడుతుందో నువ్వే లెక్కేసుకో. తన దగ్గరున్న ఇద్దరు పనివాళ్లలో ఒకణ్ని ‘వెళ్లు, ఇక్కడ నేను చూసుకుంటాను’ అని పంపిన యజమానులున్నారు. వాళ్లకెవరూ చప్పట్లు కొట్టలేదు. అలాంటి యజమాని మీకు తెలిస్తే మీ ఇంటి పని అతనికి ఇప్పించండి, బేరమాడకుండా.

డబ్బు సంగతికొద్దాం. ఇది నా రంగం కాబట్టి రెండు ముక్కలు ఎక్కువ రాస్తాను. సంఘం తరఫున పోగుచేసిన మొత్తాన్ని ‘బుష్‌ఫైర్ సాయం’ అని ఒక్క మాటతో పంపేస్తామన్నావు. అలా పంపొద్దు. సెలెస్ట్ బార్బర్ అనే హాస్యనటి జనవరిలో ఫేస్‌బుక్‌లో చందా అడిగితే 5 కోట్ల డాలర్లకు పైగా వచ్చిపడింది. ఆవిడ అడిగింది 30,000! ఇల్లు పోయినవాళ్లకూ, పక్క రాష్ట్రాలకూ, జంతువులకూ పంచుతారని ఇచ్చినవాళ్లలో చాలామంది అనుకున్నారు. కానీ ఆ డబ్బు చేరింది రూరల్ ఫైర్ సర్వీస్ బ్రిగేడ్ల ట్రస్టుకు. ట్రస్టు పత్రంలో ఏం రాసుందో దానికే ఖర్చుపెట్టాలి. వ్యవహారం సుప్రీంకోర్టుకు వెళ్లింది. మొన్న మే నెలలో తీర్పొచ్చింది: వేరే సంస్థలకు ఇవ్వడం కుదరదు, పరికరాలకూ శిక్షణకూ వాడొచ్చు, గాయపడ్డ వాలంటీర్లకూ చనిపోయినవాళ్ల కుటుంబాలకూ ఇవ్వొచ్చు అని. ఇచ్చినవాళ్ల మనసులో ఉన్నది కోర్టు చూడదు, కాగితంలో ఉన్నదే చూస్తుంది. మీరు ఎవరికి ఇవ్వాలనుకుంటున్నారో ముందు తేల్చుకోండి. బ్రిగేడ్ కోసమైతే ఆ బ్రిగేడ్ ఖాతాకే. ఇల్లు పోయిన కుటుంబాల కోసమైతే ఆ పని చేసే సంస్థకు. పొలాల కంచెల కోసమైతే ఇంకొకరికి. రసీదు తీసుకో. ఇచ్చామని ఫొటో అక్కర్లేదు, రసీదు కావాలి.

వస్తువులు పంపొద్దు. బట్టలు, దుప్పట్లు, వాడేసిన వంటగిన్నెలు, ఏవీ. 2009 ఫిబ్రవరిలో విక్టోరియాలో 173 మందిని పొట్టన పెట్టుకున్న మంటల తర్వాత దేశం నలుమూలల నుంచి వచ్చిపడ్డ సామాను 40,000 ప్యాలెట్లకు పైగా లెక్క తేలింది. వాటిని దాచడానికి గోదాములు, ఏరడానికి మనుషులు, మొయ్యడానికి లారీలు. అంతా సాయానికి వెళ్లాల్సిన డబ్బే. మొన్న కూడా సహాయ కేంద్రాల వాళ్లు ఇక పంపకండి బాబూ అని మొత్తుకున్నారు. ఇంట్లో అడ్డంగా ఉన్నదాన్ని దానమని పంపడం ఇల్లు దులుపుకోవడమే.

మరి ఏం చెయ్యమంటావు అంటావు. బస్సు వేసుకుని రండి, సభ కోసం కాదు. ఖాళీ ఐస్ పెట్టెలతో వచ్చి, కాలిన ఊళ్లలో కొనుక్కుని నింపుకుని వెళ్లమని జనవరిలో ‘ఎంప్టీ ఎస్కీ’ పేరుతో ఒక ఉద్యమమే నడిచింది. ఈ తీరానికి సంవత్సరం తిండి క్రిస్మస్ సెలవుల్లోనే. ఆ సెలవుల్లోనే పర్యాటకుల్ని వెళ్లిపొమ్మన్నారు. ఫిబ్రవరిలో వానలొచ్చి మంటలారాయి, హమ్మయ్య అనుకునేలోపు మార్చిలో కోవిడ్. ఇప్పటికీ ఈ చలిలో కారవాన్లలో, రేకుల షెడ్లలో ఉంటున్నవాళ్లున్నారు. ఆంక్షలు సడలగానే వచ్చి, దారిలో పెట్రోలు ఇక్కడ పోయించుకుని, రొట్టె ఇక్కడ కొనుక్కుని, రాత్రి ఇక్కడి మోటెల్‌లో పడుకోండి. పులిహోర పొట్లాలు కట్టుకొచ్చి, పార్కులో తిని, చెత్త బుట్టలో వేసి వెళ్లిపోకండి. ఆ పొదుపు ఇంకెక్కడైనా చేసుకోవచ్చు.

ఒళ్లు వంచగలిగినవాళ్లు కంచెల పనికి రావాలి. 2009 మంటల తర్వాత విక్టోరియాలోని కిల్మోర్ ఈస్ట్‌లో ఒక రైతు దంపతులు తమ గొర్రెలు రోడ్డెక్కకుండా కంచె మళ్లీ వేసుకోవడానికి సాయం అడిగారు. జనం వచ్చారు. ఆ పని పక్క పొలానికీ, పక్క ఊరికీ పాకి ‘బ్లేజ్‌ఎయిడ్’ అయింది. ఈ లోయలోనూ వాళ్ల శిబిరం పడింది. కంచె లేకపోతే పశువుల్ని నిలపడానికి లేదు, పశువు లేనిదే రైతుకు రాబడి లేదు. కాలిన కర్రలు పీకాలి, వంకర తీగ చుట్టాలి, కొత్త గుంజలు దిగ్గొట్టాలి. రోజంతా కంప్యూటర్ ముందు కూర్చునే మీ మిత్రబృందానికి రెండో పూటకే నడుం పట్టేస్తుంది. ఫర్వాలేదు. పక్కన నిలబడి సుత్తి అందించేవాడితోనే రైతు ఆ రోజుల ముచ్చట్లు విప్పుతాడు, వేదిక మీద మైకు పట్టుకున్నవాడితో కాదు.

వండిపెట్టడం మనకు చేతనైన విద్య. విక్టోరియాలో బెయిర్న్స్‌డేల్ అనే ఊళ్లో ఒక భారతీయ రెస్టారెంటు నడిపే సిక్కు దంపతులు జనవరిలో కూర, అన్నం వండితే, సిక్కు వాలంటీర్లు నిర్వాసితులకు వేడివేడిగా ఉచితంగా పంచారు. అక్కడ ఏం కావాలో కనుక్కుని, దాన్నే రోజూ చేశారు. మీరూ చెయ్యొచ్చు, బ్రిగేడ్ వాళ్లతో ముందే మాట్లాడుకుని. కారం మాత్రం మనింటి కొలతలో వెయ్యకండి.

ఇక అసలు సంగతి, నీకూ నీ గ్లెన్‌బ్రూక్ ఇంటికీ. వాలంటీరుకు నువ్వు చెయ్యగలిగిన మేలు, మీ వీధిలో అతని ప్రాణం మీదకు తేకపోవడం. కొత్తిల్లు అడవి అంచున ఉందనీ, వెనక వరండాలోంచి లోయ కనబడుతుందనీ మురిసిపోతూ రాశావు. మంట కొండ ఎక్కేటప్పుడు వేగం పుంజుకుంటుంది. ప్రతి పది డిగ్రీల వాలుకూ రెట్టింపు అవుతుందని ఇక్కడ శిక్షణలో మొదటే చెబుతారు. పైగా ఆ చెట్లు మనం జామాయిల్ అనే జాతివే. ఆకు నిండా నూనె. చాలా ఇళ్లు ఎదురుగా వచ్చిన మంటకు అంటుకోవు, గాలికి ముందే ఎగిరొచ్చిన నిప్పురవ్వలకు అంటుకుంటాయి. చూరు గట్టర్లలో ఎండాకు, గుమ్మం ముందు కొబ్బరిపీచు పట్టా, గోడవారగా పేర్చిన కట్టెలు చాలు వాటికి. ఇవి తీసెయ్యడానికి ఒక ఆదివారం పడుతుంది. పెరట్లో నీటి తొట్టె ఉంటే గేటు దగ్గర ‘ఎస్.డబ్ల్యూ.ఎస్.’ అని ఎర్ర బోర్డు పెట్టించు. చీకట్లో వచ్చిన ట్యాంకరువాళ్లకు ఇక్కడ నీళ్లున్నాయని తెలుస్తుంది. ‘ఫైర్స్ నియర్ మీ’ యాప్ ఫోన్లో వేసుకో. ఎప్పుడు బయల్దేరాలో, ఎటు వెళ్లాలో, పాస్‌పోర్టులు ఎవరు తీసుకోవాలో మరదలితో కూర్చుని ఇప్పుడే రాసుకో. విపరీతమైన ఎండా గాలీ ఉంటుందని చెప్పిన రోజున మంట కనబడేదాకా ఆగకు, పొద్దున్నే పిల్లల్ని తీసుకుని వెళ్లిపో. ఆఖరి నిమిషంలో బయల్దేరినవాళ్ల కోసమే బండ్లు మంటలోకి వెళ్లాల్సి వస్తుంది.

సంఘానికి ఇదే ముఖ్యంగా చెప్పు. మన కార్తీక వనభోజనాలు నవంబరులో. ఇక్కడ నవంబరంటే మంటల కాలం. గాడిపొయ్యి తవ్వి కట్టెల మీద వండుదాం అన్న ముచ్చట ఈ దేశంలో వదులుకోవాలి. ‘టోటల్ ఫైర్ బ్యాన్’ ప్రకటించిన రోజున ఆరుబయట నిప్పు రాజేస్తే నేరం. పెరట్లో హోమమైనా, దీపావళి కాకరపువ్వొత్తులైనా ఆ రోజు వద్దు. ముహూర్తం మార్చుకోవడానికి మన పంచాంగంలో దారులు బోలెడు.

చివరగా, ఆ పదిమంది పేర్ల బదులు మీ సంఘంలోంచి పదిమంది పేర్లు నాకు పంపు. బ్రిగేడ్లలో నెరిసిన తలలే ఎక్కువగా కనబడుతున్నాయి. అందరూ మంట ముందుకే వెళ్లనక్కర్లేదు. రేడియో చూసేవాళ్లు కావాలి, వంట చేసేవాళ్లు కావాలి, నాలాగా పద్దులు రాసేవాళ్లు కావాలి, ఇంగ్లిష్ అంతగా రాని ముసలివాళ్లకు జాగ్రత్తలు వాళ్ల భాషలో చెప్పేవాళ్లు మరీ కావాలి. మనవాళ్ల ఇళ్లకు దేశం నుంచి అమ్మానాన్నలు వచ్చి ఆరేసి నెలలు ఉంటారు కదా, వాళ్లకు సైరన్ మోగితే ఏం చెయ్యాలో ఎవరు చెప్పారు? మీ దగ్గర్లోని బ్రిగేడ్ తలుపు తట్టి అడుగు. యాస గురించి సిగ్గుపడకు. మా బ్రిగేడ్‌లో నా యాసకు అలవాటుపడ్డారు, నా చేతి గారెలకు ఇంకా తొందరగా అలవాటుపడ్డారు.

మరదలిని, పిల్లల్ని అడిగానని చెప్పు. ఈ వారాంతంలోనే నిచ్చెన వేసుకుని గట్టర్లు దులుపు. చట్ట ప్రకారం మంటల కాలం అక్టోబరు 1న మొదలవుతుంది. కొన్ని ప్రాంతాల్లో అంతకంటే ముందే.

ఇట్లు,
మీ అక్క